వంగిన ఇనుము

పాతకాలపు మోటారుకార్లు గట్టివనీ, ఇప్పటివి వ్రేలితో నొక్కితే సొట్టపడే రేకుడబ్బాలనీ చాలామంది అంటూ ఉంటారు. రేకు మందం విషయంలో ఆ మాట అబద్ధం కాదు. కాని బండి గట్టిదైనంత మాత్రాన లోపలి మనిషికి క్షేమమేనా?

2009లో అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థ, తన ఏబది ఏండ్ల పండుగ సందర్భంగా, ఈ ప్రశ్నకు ప్రయోగపూర్వకంగా సమాధానం రాబట్టినది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్, 2009 నాటి షెవర్లే మాలిబు సెడాన్ - ఈ రెండింటిలోనూ డ్రైవరు స్థానంలో మనిషి ఆకారపు బొమ్మలను కూర్చుండబెట్టినారు. బరువులో రెండు కార్లకూ పెద్ద తేడా లేదు. ఒక్కొక్కటి గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వచ్చి, ముందుభాగంలో డ్రైవరు వైపు మాత్రమే తగిలేటట్లు ఢీకొన్నవి.

బెల్ ఎయిర్‌లో మనిషి కూర్చునే గదియే నలిగిపోయినది. స్టీరింగు చక్రం పైకీ వెనుకకూ జరిగి బొమ్మ తలకు తగిలినది. ముందు అద్దం మొత్తం ఊడిపోయినది, తలుపు తెరుచుకొన్నది, సీటు నేలనుండి పెకలివచ్చినది. మాలిబు ముక్కు మాత్రం నుగ్గు నుగ్గయినది. లోపలి గది చెక్కుచెదరలేదు. బొమ్మ పాదానికి దెబ్బ తగిలే అవకాశం మాత్రమే కనిపించినది.

ఇందులోని కిటుకు ఆగే దూరంలో ఉన్నది. ఆ వేగంతో పోయే మనిషి 10 సెంటీమీటర్లలో ఆగితే అతని బరువుకు సగటున 160 రెట్ల బలం మీద పడుతుంది. 60 సెంటీమీటర్లలో ఆగితే 27 రెట్లే. కారు ముక్కు నలగడమంటే ఆ దూరాన్ని సంపాదించడమే. అయితే మనిషిని కారుతోపాటు ఆపడానికి బెల్టు కావాలి. ఆ బెల్ ఎయిర్‌లో బెల్టూ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు.

ముందు వెనుకలు నలగాలి, నడిమి గది నిలవాలి అనే ఆలోచనకు బేలా బరేన్యీ అనే ఇంజనీరు 1951లోనే పేటెంటు కోరినాడు. అది మెర్సిడెస్ కారులో రూపు దాల్చినది 1959లో. వోల్వోలో నీల్స్ బోలిన్ మూడుచోట్ల బిగించే బెల్టును ప్రవేశపెట్టినదీ ఆ ఏడాదే. చిత్రమేమంటే, ఆ బెల్ ఎయిర్ కూడ ఆ ఏడాదిదే!

పాతకార్లకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పవలె. బెల్ ఎయిర్ చట్రం గుణకారపు గుర్తువలె ఉండేది. ప్రక్కలకు దూలాలు లేవు. పాతకార్లన్నీ అటువంటివి కావు. అభిమానులు దీనితో తృప్తిపడలేదు. ఇంజను తీసివేసిన డొల్లకారుతో పరీక్ష జరిపినారని గోల చేసినారు. ఆరు సిలిండర్ల 3.9 లీటర్ల ఇంజను దాని స్థానంలోనే ఉన్నదని సంస్థవారు తెలియజేయవలసి వచ్చినది.