ఇంటి లేత్, నమూనా ఇంజన్లు

బల్లమీద పట్టే చిన్న లేత్ మిషన్‌పై లోహాన్ని చెక్కి, నిజంగా తిరిగే బుల్లి ఇంజన్లు తయారు చేసుకునే అభిరుచి ఇది. సాధారణ మినీ లేత్ సుమారు 180 మి.మీ. వ్యాసం వరకు లోహాన్ని తిప్పగలదు. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటు చాలు.

హైదరాబాదుకు లేత్ కొత్త కాదు. ఇక్కడి ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో మొదలైంది. తార్నాక దగ్గర లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉంది. సికింద్రాబాదులో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ యంత్ర పరికరాలనే తయారు చేసింది. ఇత్తడి కడ్డీలు, లోహాన్ని చెక్కే టూల్ బిట్ల కోసం రాణీగంజ్ దుకాణాలు ఉండనే ఉన్నాయి.

కొత్తవారు పెట్రోలు ఇంజను జోలికి పోకపోవడమే మంచిది. ఊగే సిలిండరు ఆవిరి ఇంజనుతో మొదలుపెట్టాలి. దీనికి విడిగా వాల్వులుండవు: సిలిండరే అటూ ఇటూ ఊగుతూ ఆవిరి రంధ్రాలను తెరుస్తుంది, మూస్తుంది. బాయిలరు లేకున్నా కంప్రెసర్ గాలితో తిరుగుతుంది. ఇత్తడి సులువుగా తెగుతుంది కాబట్టి భాగాలకు అదే అనువు.

చెక్కే టూలు మొన సరిగ్గా సెంటరు ఎత్తులో, అంటే కడ్డీ తిరిగే అక్షం ఎత్తులో ఉండాలి. లేదంటే కడ్డీ ముఖం మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంది.

కడ్డీని పట్టి ఉంచే చక్‌ను బిగించే కీ తీయకుండా స్విచ్ వేస్తే ఆ కీ తూటాలా ఎగురుతుంది. గ్లవుజులు, వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా లేత్ దగ్గర పనికిరావు.