పల్నాడు జనవినోద సంస్కృతి

(ఈ వ్యాసం పల్నాడు ప్రాంత ప్రజల వినోదాల గురించి. యుద్ధ చరిత్ర కొరకు పల్నాటి యుద్ధం వ్యాసం చూడండి.)

పల్నాడు జనవినోద సంస్కృతి అనగా ఆంధ్రప్రదేశ్‌లోని పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల, కారంపూడి, నరసరావుపేట, వినుకొండ పరిసరాలలో సామాన్య ప్రజలు తీరిక వేళల్లో విన్న, చూసిన, పాల్గొన్న కళల, వేడుకల సముదాయం. పూర్వం గుంటూరు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాగా ఏర్పడినది. కథాగానం, పద్యనాటకం, బుర్రకథ, సినిమా, రేడియో, టెలివిజన్, సెల్‌ఫోన్ ఒకదాని తరువాత ఒకటిగా ఇక్కడి వినోద సాధనాలైనవి. సాధనాలు మారినా పల్నాటి వీరుల కథ మాత్రం ఒకదాని నుండి మరొకదానికి చేరుతూ వచ్చినది. అయితే మారిన ప్రతిసారీ ఆ కథలో కొంత భాగం వెనుక మిగిలిపోయినది.

నేపథ్యం

12వ శతాబ్దంలో గురజాల పాలకుడు నలగామరాజు పక్షానికి, మాచర్ల పాలకుడు మలిదేవుని పక్షానికి నాగులేరు ఒడ్డున కారంపూడి వద్ద యుద్ధం జరిగినది. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు, మాంచాల ఈ కథలోని ప్రధాన వ్యక్తులు. కోడిపందెంలో ఓటమి, వనవాసం, అలరాజు రాయబారం, కులభేదం లేకుండా అందరూ ఒక్కచోట కూర్చుని భుజించే చాపకూడు ఈ కథలో ముఖ్య ఘట్టాలు.

కథాగానం

ఈ కథను పాడే సంప్రదాయం చాలా పాతది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ తాళం వాయిస్తూ పల్నాటి వీరులను ద్విపదలో పాడుతుంది. ప్రతి అక్షరానికీ కుర్రవాళ్లు కేకలు వేస్తూ ఊగిపోతారు. అనగా సుమారు ఆరు శతాబ్దాల క్రితమే ఈ గాథ పల్నాడు దాటి నగర వీధులలో జనరంజకమైనదని తెలుస్తున్నది. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు బాలచంద్రుని యుద్ధ ఘట్టాన్ని మంజరీ ద్విపదలో రచించాడు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించిన తరువాత అది చదువరులకు అందుబాటులోకి వచ్చినది.

పల్లెల్లో మాత్రం కథ పుస్తకం వల్ల గాక వీరవిద్యావంతులనే గాయకుల వల్ల నిలిచినది. పంబ, తిత్తి వాద్యాల తోడుగా వారు రాత్రుల తరబడి కథను పాడేవారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటి గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి ఆంగ్లంలోకి అనువదించగా, అది 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి గ్రంథంగా వెలువడినది. ఒక గాయకుని నోట ఉన్న పూర్తి కథ ఇలా భద్రపడినది. రికార్డు కాని గాయకుల పాఠాలు వారితోనే ముగిసిపోతాయి.

ఉత్సవాలు

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నాడు మొదలై అయిదు రోజులపాటు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రోజుకొక ఘట్టం చొప్పున వాటి పేర్లు ఇవి:

రాచగావు
రాయబారం
మందపోరు
కోడిపోరు
కల్లిపాడు

వీరాచారవంతులు తమ ఇండ్లలో భద్రపరచిన వీరుల ఆయుధాలను (కొణతాలను) తెచ్చి పూజిస్తారు. చాపకూడు మందపోరు నాడు జరుగుతుంది. కథ వినోదంగా కాక ఆరాధనగా నిలిచిన చోటు ఇదే.

మహాశివరాత్రికి నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ తిరునాళ్లకు గ్రామాల నుండి ప్రభలు తరలి వెళ్తాయి. వెదుళ్లతో కట్టిన ఎత్తైన ప్రభలను పూర్వం ఎడ్లు లాగేవి. విద్యుత్తు, జనరేటర్లు వచ్చిన తరువాత రంగు దీపాల విద్యుత్ ప్రభలు ప్రధాన ఆకర్షణ అయినవి.

నాటకం, బుర్రకథ

20వ శతాబ్దం ప్రథమార్ధంలో హార్మోనియంతో కూడిన పద్యనాటకం గ్రామాలను ఆకట్టుకున్నది. గుంటూరు ప్రాంతానికి చెందిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన హరిశ్చంద్ర నాటకం విశేష ప్రచారం పొందినది. దాని కాటిసీనులో వినుకొండవాడైన గుఱ్ఱం జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడడం ఆనవాయితీగా మారినది. చదువు రాని శ్రోతలు సైతం ఆ పద్యాలను కంఠస్థం చేసేవారు. ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు నాటకంతో నాగమ్మ కథ రంగస్థలం మీదికి వచ్చినది.

1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ప్రచార సాధనంగా మలచినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ (1920-1997) చెప్పిన పల్నాటి యుద్ధం బుర్రకథ ప్రసిద్ధి చెందినది. ఆయనకు 1986లో పద్మశ్రీ లభించినది. రాత్రుల తరబడి సాగే కథ బుర్రకథలో కొన్ని గంటలకు కుదించబడినది. వంతల ప్రశ్నలు, హాస్యం, వర్తమాన విషయాలపై వ్యాఖ్యానం అందులో కొత్తగా చేరినవి. పుల్లరి పన్నును ఎదిరించి 1922లో పోలీసు కాల్పులలో మరణించిన కన్నెగంటి హనుమంతు గాథ కూడా ఇదే విధంగా పాటలలోకి ఎక్కినది.

సినిమా

గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసిన పల్నాటి యుద్ధం 1947లో విడుదలైనది. ఇందులో కన్నాంబ నాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రునిగా నటించారు. 1966లో గుత్తా రామినీడు అదే పేరుతో తీసిన చిత్రంలో ఎన్.టి.రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, హరనాథ్ బాలచంద్రుడు, జమున మాంచాల. కథలో ఒకే పాత్రను ఒక్కొక్క గాయకుడు ఒక్కొక్క విధంగా చూపేవాడు. సినిమాతో నాగమ్మకు, బ్రహ్మనాయునికి రాష్ట్రమంతటా ఒకే ముఖం, ఒకే గొంతు ఏర్పడినవి.

టూరింగ్ టాకీసులలో ప్రేక్షకులు నేల, బెంచీ, కుర్చీ తరగతులుగా కూర్చునేవారు. నేలకు తక్కువ టిక్కెట్టు. హాలు బయట అమ్మే పాటల పుస్తకం ఇంటికి చేరి పద్యాల స్థానంలో పాటలను నేర్పినది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత కుడి కాలువ కింద వరి, మిర్చి, ప్రత్తి సాగు విస్తరించి, రైతుల చేతిలో రొక్కం ఆడసాగినది. సున్నపు బట్టీలకు పేరుపొంది, గుంటూరు-మాచర్ల రైలు మార్గంలో ఉన్న పిడుగురాళ్ల వంటి పట్టణాలు చుట్టుపక్కల గ్రామాలకు వినోద కేంద్రాలైనవి.

2003లో వచ్చిన బాలకృష్ణ చిత్రం పలనాటి బ్రహ్మనాయుడు పేరులో మాత్రమే పాత కథను నిలుపుకున్న సాంఘిక చిత్రం. హీరో తొడ గొడితే రైలు వెనక్కు పోయే సన్నివేశం తరువాతి కాలంలో ఇంటర్నెట్‌లో హాస్యానికి వస్తువైనది.

రేడియో, టెలివిజన్

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనది. పంచాయతీ కార్యాలయంలోని రేడియో చుట్టూ ఊరివారు కూర్చుని నాటకాలు, సంక్షిప్త శబ్దచిత్రాలు వినేవారు. ట్రాన్సిస్టర్ రాకతో రేడియో అరుగు మీదికి, పొలంలోకి వెళ్లినది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో, ఈటీవీ, జెమినీ 1995లో మొదలైనవి. రాత్రి ప్రదర్శనలకు వెళ్లే జనం సీరియళ్ల వేళకు ఇంటిపట్టునే ఉండసాగారు.

ప్రస్తుత స్థితి

నేడు సెల్‌ఫోన్‌లో ఎవరి వినోదం వారిదే. ఊరంతా ఒకే కథను ఒకే రాత్రి వినే సందర్భాలు ఉత్సవాలకు, తిరునాళ్లకు పరిమితమైనవి. అయినా పాత బుర్రకథలు, పద్యనాటకాలు యూట్యూబ్‌లో లభించడం వలన దూరదేశాలలోని పల్నాటివారు కూడా వాటిని వినగలుగుతున్నారు. కథలోని పేర్లు అందరికీ తెలుసు. కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా ఎందుకు స్వీకరించాడు, చాపకూడు ఎందుకు పెట్టాడు అన్న సంగతులు మాత్రం పూర్తి గానం విన్నవారికే బాగా తెలుసు. గ్రామంలో వృద్ధ గాయకులున్న చోట వారి గానాన్ని పాఠశాల విద్యార్థులైనా నేటి సెల్‌ఫోన్‌తో సులభంగా రికార్డు చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

పల్నాటి యుద్ధం
బుర్రకథ
కోటప్పకొండ
పిడుగురాళ్ల