కారు ముందా, డబ్బు ముందా?

ఈరోజు నేను చెప్పబోయేది ఈఎంఐ కథ. ఇది వందేళ్ల కిందట అమెరికాలో జరిగింది.

అప్పట్లో కారు కొనాలంటే చాలావరకు డబ్బంతా ఒకేసారి కట్టాలి. కార్లకు అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడేవి. 1919లో జనరల్ మోటార్స్ సొంతంగా ‘జీమ్యాక్’ అనే ఫైనాన్స్ కంపెనీ పెట్టింది. కొంత ముందు కట్టు, కారు తీసుకెళ్లు, మిగతాది నెలనెలా కట్టు. అంతే.

హెన్రీ ఫోర్డ్‌కేమో అప్పంటే గిట్టదు. ఆయన కంపెనీ 1923లో ఇంకో స్కీమ్ తెచ్చింది. వారానికి 5 డాలర్లు బ్యాంకులో వేస్తూ పోవాలి, దానికి వడ్డీ కూడా వస్తుంది. ధర మొత్తం జమయ్యాకే కారు. మన చిట్టీలాగా మధ్యలో పాడుకునే వీలు లేదు.

జనం ఆగలేదు. జీమ్యాక్ దారే గెలిచింది. 1928లో ఫోర్డ్ కంపెనీ కూడా అప్పులిచ్చే సంస్థ పెట్టేసింది.

ఆగలేకపోవడానికి ఖరీదెంతో ఇప్పుడు లెక్కేద్దాం. 9 శాతం వడ్డీకి 8 లక్షల లోన్. 5 ఏళ్లకైతే ఈఎంఐ సుమారు 16,600, మొత్తం వడ్డీ 1.96 లక్షలు. 7 ఏళ్లకైతే ఈఎంఐ 12,900 లోపే, కానీ వడ్డీ 2.81 లక్షలు! షోరూమ్‌లో మనకు గట్టిగా వినిపించేది మాత్రం ఆ చిన్న ఈఎంఐ.

అందుకే నేననేది, ఫోర్డ్ పద్ధతిని పరీక్షగా వాడుకోండి. లోన్ తీసుకునే ముందు ఆరు నెలలు ఆ ఈఎంఐ డబ్బు పక్కన పెట్టండి. పెట్టగలిగితే డౌన్ పేమెంట్ పెరుగుతుంది. పెట్టలేకపోతే, ఆ కారు మీ జీతానికి బరువని సిబిల్ స్కోరు దెబ్బతినకముందే తెలిసిపోతుంది.

మళ్లీ కలుద్దాం.