‘ఫంబుల్’ మన నోటికెలా వచ్చింది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా రోడ్డుకు రెండు వైపులా కోచింగ్ సెంటర్లు, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు, హాస్టళ్లు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి బస్సు దిగిన పిల్లలు ఇక్కడ ఇంటర్వ్యూలకు తయారవుతుంటారు. ‘‘ఫస్ట్ క్వశ్చన్‌కే ఫంబుల్ అయిన్రా’’ అనే మాట ఆ వాతావరణానిదే.

ఇంగ్లిష్‌లో ఈ క్రియ వయసు 500 ఏళ్ల పైమాటే. డచ్చి భాషలోని ఫొమ్మెలెన్, స్వీడిష్‌లోని ఫుమ్లా దీనికి చుట్టాలు. మొదట ఇది చేతుల పని. పట్టు చిక్కక తడమడం, వస్తువును జారవిడవడం దీని అర్థం. ఆ తర్వాత నోటి తడబాటుకూ పాకింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బంతి వదిలేస్తే ‘ఫంబుల్’. క్రికెట్ కామెంటరీలో ఫీల్డర్ చేతిలోంచి బంతి జారినా అదే మాట.

దీని పక్కనే నిలిచే ‘బాట్చ్’ కథ వేరు. 14వ శతాబ్దంలో దానికి బాగుచేయడం, అతుకు వేయడం అని అర్థం. వికారమైన అతుకులను కూడా అలాగే పిలవడంతో చివరికి పని చెడగొట్టడమనే అర్థం స్థిరపడింది. ‘బంగిల్’ అంటే మాత్రం నేరుగా చేతకానితనమే.

పరాయి క్రియలను సొంతం చేసుకోవడం తెలుగుకు కొత్త కాదు. హిందుస్తానీ సతానా, దబానాలకు ‘ఇంచు’ చేర్చి సతాయించు, దబాయించు అనుకున్నాం. ఇంగ్లిష్ మాటలకు ‘చేయు’, ‘అవు’ తగిలిస్తున్నాం. ‘ఫంబుల్ చేశాను’ అనకుండా ‘అయ్యాను’ అనడంలో ఒక న్యాయముంది. అది కావాలని చేసింది కాదు, జరిగిపోయింది.

అసలు ‘తడుముకోవడం’ నడిచిన దారీ ఇదే. చీకట్లో అగ్గిపెట్టె కోసం చేత్తో తడుముకుంటాం, జవాబు కోసం మాటల్లో తడుముకుంటాం. చేతకాక పని పాడుచేసినవాణ్ని మాత్రం ‘కెలికి పెట్టాడు’ అంటాం. రెండు భాషలూ తడబాటును, చేతకానితనాన్ని వేరుగానే చూశాయి.

పాఠం చెప్పేవారు, ఇంటర్వ్యూ చేసేవారు ఈ తేడాను మరవకూడదు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల ఇంగ్లిష్ వాక్యం మధ్యలో ఆగితే అది ఫంబుల్, బంగిల్ కాదు. ఆమెకు ఇంకో నిమిషం ఇవ్వండి.