మన్యంలో బిరుదులు ఎవరికి దక్కాయి?

ఆగస్టు 9న మాచేత గంటన్నర ఎండలో థింసా ఆడించి, ఒక నాయకుడికి ‘మన్యం ముద్దుబిడ్డ’ అని బిరుదిచ్చి శాలువా కప్పారు. ఓట్లప్పుడు తప్ప ఆ ముద్దుబిడ్డ మొహం మన ఊళ్లు చూడలేదు. ఆ రాత్రి హాస్టల్లో అదే చర్చ. అసలు మన్యం కోసం కష్టపడినవాళ్లకు ఏం దక్కింది, మన్యాన్ని కష్టపెట్టినవాళ్లకు ఏం దక్కింది? పుస్తకాలు తిరగేశాం.

వందేళ్ల కిందట గూడెంలో బాస్టియన్ అని ఒక డిప్యూటీ తహశీల్దారు. నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయించడానికి మనోళ్లను పట్టుకెళ్లి చాలీచాలని కూలికి రాళ్లు మోయించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు అతని బాధితులే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి దాడి చేసినవాళ్లు ఇలాంటి కడుపుమంట ఉన్నవాళ్లే.

మనవాళ్లకు అప్పుడు సర్కారు ఇచ్చిన గుర్తింపు ఒక్కటే, తలకు వెల. రాజు తలకు పది వేలు, గంటందొరకు వెయ్యి, మల్లుదొరకు వెయ్యి. అక్కడ కూడా మనది పదో వంతే!

1924లో తిరుగుబాటును అణచడానికి స్పెషల్ కమిషనరుగా రూథర్‌ఫర్డ్‌ను పంపారు. మే 7న రాజును కాల్చి చంపారు, జూన్‌లో గంటందొరను. మరి ఆ దొరగారు? మెట్టు మెట్టు ఎక్కి సర్ థామస్ రూథర్‌ఫర్డ్ అయ్యాడు, బీహారు గవర్నరు అయ్యాడు. 1943లో బెంగాల్లో లక్షల మంది ఆకలితో చస్తుంటే అక్కడ కొన్ని నెలలు తాత్కాలిక గవర్నరు కూడా ఆయనే. కరువు ఆయన తెచ్చింది కాదు, నిజమే. కానీ మన్యంలో తుపాకీతో నెగ్గినోడికి రాష్ట్రాలు అప్పగించడం చూడండి.

మల్లుదొర కథ వేరు. పట్టుబడి, శిక్షపడి అండమాన్ జైలుకు పోయాడు. తిరిగొచ్చి 1952లో, మొదటి ఎన్నికల్లోనే, విశాఖపట్నం నుంచి ఇండిపెండెంటుగా లోక్‌సభకు గెలిచాడు. ఏ సర్కారూ ఇచ్చింది కాదది, జనం వేసిన ఓటు. ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు మరి.

రాజు గారిమీద మాకు చిన్న మాట కూడా లేదు, ప్రాణమే ఇచ్చాడు. 2022లో పాడేరు కేంద్రంగా ఆయన పేరున జిల్లా వచ్చింది, భీమవరంలో 30 అడుగుల విగ్రహం లేచింది. సంతోషమే. మా కోపం ఆ పేరు చెప్పి శాలువాలు కప్పుకునేవాళ్లమీద. వాళ్ల ఉపన్యాసంలో గంటందొర ‘తదితర అనుచరులు’ అయిపోతాడు. ఏజెన్సీ టీచరు పోస్టులు నూటికి నూరు మనకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసిందా, ఆ ఊసు ముద్దుబిడ్డ నోట రానేలేదు. మాలో సగంమంది బీఈడీ చేద్దామనుకుంటున్నవాళ్లం.

వచ్చే ఏడు మళ్లీ థింసాకు పిలిస్తే వెళ్తాం. కాకపోతే మైకు ఐదు నిమిషాలు మాకిమ్మని ముందే అడుగుతాం. ఈలోగా మీ ఊళ్లో తాతలు, అవ్వలు గాం సోదరుల గురించి చెప్పిన మాటలేమైనా ఉంటే కింద రాయండి. కాగితం మీద పెట్టుకుంటాం.