గడియారముమీఁది రోమను అంకెలు



పాత గోడగడియారములమీఁద నిలువుగీతలును, కత్తెరవంటి గుర్తులును మీరందఱును చూచియే యుందురు. అవి రెండువేల యేండ్లకు పూర్వమే రోమనులు వాడిన అంకెలు. ఆ సామ్రాజ్య మంతరించినను అవి నేఁటికిని మన గోడలపై కాలము చెప్పుచున్నవి. కారణ మేమి?

మొదట వానిని చదువు విధము చెప్పెదను. నిలువుగీత ఒకటి, ‘వి’ యను నక్షరము అయిదు, ‘ఎక్స్’ పది, ‘ఎల్’ ఏఁబది, ‘సి’ నూఱు, ‘డి’ అయిదువందలు, ‘ఎమ్’ వేయి. పెద్దగుర్తునకు కుడివైపున చిన్నది యున్నచో కూడవలెను. ఎడమ నున్నచో తీసివేయవలెను. పదికి కుడివైపున గీత యున్న పదునొకండు, ఎడమ నున్న తొమ్మిది. ఇంతియే సూత్రము. గడియారములలో పెక్కింట నాలుగునకు నాలుగు గీతలే యుండును. 1859లో నడువసాగిన లండను వెస్టుమినిస్టరు గడియారమువంటి కొన్నింట మాత్రము అయిదునకు ఎడమ నొక గీత యుండును.

ఈ పద్ధతిలో స్థానమునుబట్టి విలువ మాఱదు, సున్న లేదు. 1888 వ్రాయుటకు పదమూఁడు అక్షరములు కావలెను. 2000కు రెండే చాలును! గుణకారమునకు రోమనులు లెక్కపలక నాశ్రయించిరి. మన దేశమున బ్రహ్మగుప్తుఁడు 628లో సున్నతో లెక్కచేయు విధులను గ్రంథస్థము చేసెను. మన అంకెలు అరబ్బుల మూలమున ఐరోపాకు చేరెను. 1202లో పీసా నగరపు లియొనార్డో వానిని భారతీయుల అంకెలని చెప్పి తనవారికి బోధించెను. 1299లో ఫ్లారెన్సు ద్రవ్యవర్తకుల సంఘము ఖాతాలలో వానిని నిషేధించెను. సులభముగా దిద్దవచ్చునను శంక కారణమందురు. ఆ నిషేధము నిలువలేదు.

లెక్కలో నోడిన రోమను అంకె వరుస చెప్పుటలో నిలిచినది. ఆఱవ జార్జి పేరున, గ్రంథపీఠికల పుటలపై, మన రాజ్యాంగపు భాగములకు అదియే గుర్తు. అచ్చట కూడికతో పని లేదు.

నా విచార మొక్కటి. మన తెలుఁగు అంకెలకు సున్న గలదు, స్థానబలము గలదు. ఏ లోపమును లేకయే వ్యవహారమునుండి తొలఁగినవి. నేఁడు వాడు అంకెలును మన సంతతియే. వానితో తగవు లేదు. కాని రోమను అంకెను గడియారము కాపాడినది. తెలుఁగు అంకెను కాపాడువా రెవరు? మీ యిండ్లలోని పాత దస్తావేజులలో, పద్దుపుస్తకములలో అవి యింకను నున్నవి. మనుమలకు గడియారము చూపి రోమను అంకెలు నేర్పునపుడు, ఆ పద్దుపుస్తకమును గూడ తెఱచి చూపుఁడు. అందుకు ఒక సాయంకాలము చాలును.