మొండికేసిన సూదులు

గాజు సిరంజీకి నంబరు ఉండేది. గొట్టం మీద ఒకటి, లోపలి కడ్డీ మీద ఒకటి, రెండూ కలవాలి. ఒక్కో కడ్డీని ఒక్కో గొట్టానికి అరగదీసి సరిపెట్టిన కాలమది. ఈ గొట్టంలోకి ఆ కడ్డీ దూర్చితే బిగుసుకుని కూర్చునేది, లేదంటే మందంతా వెనక్కి కారేది. ఏఎన్ఎంగా పెనుకొండ దగ్గర నా మొదటి సబ్‌సెంటర్లో సూది వేయడంకంటే ముందు నేర్చుకున్న పని, మరిగిన సిరంజీలను జతలు చెడకుండా పట్టకారుతో తీసి ట్రేలో అమర్చడం. నర్సమ్మ పనితనం అక్కడే తెలిసిపోయేదని మా హెల్త్ విజిటరమ్మ అనేవారు.

మా నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు రెండో బాధ చెప్పక్కర్లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ బోరు వేసినా వచ్చేది ఉప్పదనం, సున్నం, పైగా ఫ్లోరైడు. ఆ నీళ్ళల్లో సిరంజీలు మరిగిస్తే గాజు మీద తెల్లగా పొర కట్టేది. నాలుగు రోజులకు కడ్డీ మొరాయించేది. బలంగా లాగితే గాజు పుటుక్కున విరిగి చేతిలో దిగేది. గోరువెచ్చటి నీళ్ళల్లో నానబెట్టి, గొట్టాన్ని మాత్రం కాస్త వేడి చేసి, మెల్లగా తిప్పుతూ లాగాలి. గొట్టం వేడికి సాగుతుంది, కడ్డీ సాగదు, సందు దొరుకుతుంది. వేడి గాజును చన్నీళ్ళల్లో పెడితే ఏమయ్యేదో, పెట్టినవాళ్ళ జీతంలోంచి ఎంత పోయేదో ఆ తరం వాళ్ళందరికీ తెలుసు. యూనిసెఫ్ వాళ్ళ ప్రెషర్ కుక్కర్లాంటి స్టెరిలైజర్లు వచ్చాక, అడుగున ఒక గుడ్డ మెత్త వేయమని చెప్పారు. సున్నం ఆ మెత్తకు పట్టేది, సిరంజీలకు తగ్గేది.

ఇక సూది. వాడనప్పుడు ప్రతి సూదిలోనూ సన్నటి తీగ దూర్చి పెట్టాలి, లేకపోతే లోపల తుప్పో మందో గడ్డకట్టి మూసుకుపోతుంది. మొన చెడితే సానరాయి మీద నూనెచుక్క వేసి పట్టేవాళ్ళం. మొన వంగిందో లేదో కంటికి ఆనదు. దూదిలో గుచ్చి లాగితే పోగులు చిక్కుకున్నాయా, దానికి కొక్కెం పడినట్టే. ఆ సూదితో పిల్లకు డీపీటీ వేస్తే మళ్ళీ వారం తల్లి ముఖం చూడలేం. అన్నిటికంటే మొండిది ప్రొకెయిన్ పెన్సిలిన్. మజ్జిగలాంటి మందు. కండలో సూది దించాక ఒక్క క్షణం ఆలోచిస్తే మూసుకుపోయేది. మళ్ళీ తీసి, లావు సూది మార్చి, మళ్ళీ గుచ్చాలి. ఆ రెండో పోటుకు రోగి పెట్టే శాపనార్థాలు మా ఉద్యోగంలో భాగం.

నాకంటే ముందు సంగతులు విన్నవే. చర్మం కిందికి మందు ఎక్కించే సిరంజీని 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులో ప్రవాజ్ ఎవరికి వారు తయారుచేశారు. మా వైపు జనానికి తెలిసిన మొదటి సూదులు మాత్రం టీకాలవాళ్ళవి. మశూచికి చేతిమీద గుండ్రంగా తిప్పే పరికరం, ఆ తర్వాత రెండు మొనల సూది. మా అమ్మ భుజాన ఆ మచ్చ రూపాయి బిళ్ళంత ఉండేది. టీకాలవాళ్ళొచ్చారంటే జొన్నచేలల్లోకి పారిపోయేవాళ్ళమని ఆమె నవ్వుతూ చెప్పేది. మనదేశంలో క్షయకు బీసీజీ వేయడం 1948లో మొదలయింది మాకు దగ్గర్లోనే, మదనపల్లెలో. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం పేరు మా ఊళ్ళల్లో దేవుడి పేరులా పలికేవాళ్ళు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక క్షయ రోగికి నెలల తరబడి సూదే. కూర్చోవడానికి చోటు లేదని పిరుదులు తడుముకునేవాళ్ళు.

ఎప్పుడు అలవాటయిందో గాని, భయపడి పారిపోయిన జనమే సూది వేయకపోతే వైద్యం కాదనే స్థితికి వచ్చారు. ఆర్‌ఎంపీ డాక్టరు సైకిలు హ్యాండిలుకు తోలుసంచి తగిలించుకుని పొద్దున ఒక ఊరు, సాయంత్రం ఒక ఊరు తిరిగేవాడు. మాత్ర ఇస్తే మొహం ముడుచుకునేవాళ్ళు. "ఒగ సూదెయ్యి సారూ, నడుం ఇరిగిపోతాంది" అని అడిగి మరీ వేయించుకునేవాళ్ళు. ఎర్రటి బీ పన్నెండు సూది అంటే మహా మక్కువ. రంగు చూస్తేనే రక్తం పట్టినట్టు ఉండేది వాళ్ళకు. దాన్ని బలం సూది అనేవాళ్ళు. 1952 కరువులో గంజి కేంద్రాల దగ్గర వరసకట్టిన ముసలివాళ్ళు నా కాలానికి ఇంకా ఉండేవాళ్ళు. వాళ్ళు కోరుకున్నదల్లా నాలుగు కేజీల కండ. అవే ఊళ్ళల్లో ఇప్పుడు వారానికొకటి బరువు తగ్గే సూది. ఇది చూసి నవ్వాలో ఏడవాలో అర్థంకాదని చాలామంది పెద్దవాళ్ళు అంటుంటారు. నాకైతే రెండూ రావు. కరువు పోయాక షుగరు వచ్చింది, షుగరుకు సూది వచ్చింది. వరసగానే వచ్చాయి.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయ్యాక మా పనికి ఒక లెక్క వచ్చింది. బుధవారం సెంటర్లో, శనివారం ఊళ్ళో. ఎన్ని సూదులు తీసుకుపోతే అంతమంది పిల్లలకే. సూదులు అయిపోతే మళ్ళీ మరిగించాలి, ఒత్తిడి వచ్చాక ఇరవై నిమిషాలు. స్టవ్ కిరోసిన్ అయిపోతే? పక్కింటి పొయ్యి. అప్పుడు మేం ఒకటే సూది ఇద్దరికి వాడలేదని గట్టిగా చెప్పగలను. దేశమంతా అలా జరిగిందని మాత్రం చెప్పలేను. 2002-04 మధ్య ఇండియాక్లెన్ అనే పరిశోధక బృందం దేశవ్యాప్తంగా చూస్తే దాదాపు మూడింట రెండొంతుల ఇంజక్షన్లు సురక్షితం కావని తేలింది. చాలామటుకు అవి ప్లాస్టిక్ సిరంజీలే. ఒకసారి వాడి పారేయమని తయారైన సిరంజీని కడిగి, మరిగించి, మళ్ళీ వాడటం, చెత్తకుప్పలోంచి ఏరి ప్యాకెట్లో పెట్టి అమ్మడం మనవాళ్ళకు తోచిన తెలివి. 2009లో గుజరాత్‌లో మోదాసా చుట్టుపక్కల హెపటైటిస్-బీ సోకి పదుల మంది చనిపోయింది ఇలాంటి సిరంజీలవల్లే. మా వైపు అంత పేలిపోలేదు గానీ, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రికి హెచ్‌ఐవీ రోగులు ఎంత దూరాల నుంచి వచ్చేవాళ్ళో ధర్మవరంలో పనిచేసినప్పుడు చూశాను. ఎవరికి ఎట్లా వచ్చిందని అడగడం మా పని కాదు.

అప్పుడు వచ్చింది తనంతట తాను చెడిపోయే సిరంజీ. మన రాష్ట్రంలో పిల్లల టీకాలకు 2000 తర్వాత పాత్ సంస్థ సాయంతో హెపటైటిస్-బీ టీకాతోపాటు ఇవి చేతికొచ్చాయి. కడ్డీని ఒకసారి పూర్తిగా నొక్కితే లోపల తాళం పడుతుంది, ఇక లాగడానికి రాదు. దీంతో మాకు పెద్ద చిక్కే వచ్చింది. గాజు సిరంజీ అలవాటు ఏమిటంటే, ముందు గాలి లాగాలి, ఆ గాలి సీసాలోకి ఎక్కించాలి, తర్వాత మందు లాగాలి. కొత్తదానితో ఆ పని చేస్తే గాలికే తాళం పడిపోయేది. మందు ఒక్క చుక్క పోకముందే సిరంజీ చెత్తబుట్టకు. ఏళ్ళ తరబడి వేళ్ళకు పట్టిన అలవాటు ఒక్క ట్రైనింగుతో పోతుందా? సీనియర్లమే ఎక్కువ పాడుచేశాం. కొత్తగా చేరిన అమ్మాయిలు గబగబా నేర్చుకున్నారు, వాళ్ళకు మరిచిపోవాల్సింది ఏమీ లేదు కాబట్టి.

ఈ సిరంజీ దగ్గరే మా వృత్తి మలుపు తిరిగిందని నా నమ్మకం. అంతకుముందు మొండికేసిన సూదిని దారికి తెచ్చినవాళ్ళే మంచి కాంపౌండరు, మంచి నర్సమ్మ. ఆ తర్వాత మొండికేసినదాన్ని ముట్టుకోకుండా వదిలేయడం తెలిసినవాళ్ళు మంచివాళ్ళయ్యారు. ఈ రెండోది కష్టం.

ఇదంతా జరుగుతుండగానే ఇన్సులిన్ కథా నడిచింది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొట్టమొదటి సూది వేస్తే, మందు శుభ్రంగా లేక సూది పోటు దగ్గర గడ్డ కట్టింది. పన్నెండు రోజులు మందును శుద్ధిచేసి మళ్ళీ వేస్తే షుగరు దిగింది. గడ్డ కట్టిందని తిట్లు తిన్న ప్రతి నర్సమ్మకూ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. మా వైపు ఇన్సులిన్ అంటే నలభై యూనిట్ల సీసా, ఎర్రమూత సిరంజీ. ఫ్రిజ్ లేని ఇళ్ళల్లో కొత్త కుండలో ఇసుక పోసి, తడిపి, అందులో చిన్న కుండ పెట్టి దాచేవాళ్ళు. ధర్మవరంలో ఒక మగ్గం ఆయనకు నేను సిరంజీ పట్టడం నేర్పబోతే, సిరంజీలో గాలిబుడగ ఎక్కడుందో నాకంటే ముందు ఆయనే చూపించాడు. పొద్దస్తమానం గుంటమగ్గంలో కూర్చుని జరీపోగు తెగిందా లేదా చూసే కళ్ళు మరి.

ఆ తర్వాత పెన్నులు. నోవో కంపెనీ మొదటి ఇన్సులిన్ పెన్ను 1985లో వచ్చింది. మా ఊళ్ళకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. పెన్ను క్యాట్రిడ్జిలో మందు మిల్లీకి వంద యూనిట్లు. పెన్ను పాడైందని క్యాట్రిడ్జిలోంచి ఎర్రమూత సిరంజీతో లాగిన ఇళ్ళున్నాయి. నలభై గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది వంద యూనిట్లు. అన్నం ముందు కూర్చునే లోపల మనిషి చెమటలు పట్టి పడిపోతాడు. పెన్ను మొరాయిస్తే పెన్ను మార్చాలి, సొంత వైద్యం పనికిరాదు.

బరువు తగ్గే వారంవారం సూదులు మన దేశంలోకి 2025లో దిగాయి. మార్చిలో మౌంజారో సీసాల్లో వచ్చింది, జూన్‌లో వెగోవీ పెన్నుల్లో, ఆగస్టుకు మౌంజారో కూడా పెన్నయింది. ఆ పెన్నుల్లో ఒక్కోదాంట్లో నెలకు సరిపడా నాలుగు మోతాదులుంటాయి. 2026 మార్చిలో వెగోవీలోని మందు సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు కూడా తీరింది. అమెరికాలో వాడే ఒక్కసారి పెన్ను మాత్రం హిందూపురానికి సూట్‌కేసుల్లో వస్తుంది. సెలవులకు వచ్చిన పిల్లలు తమ వారంవారం సూదులు వెంట తెచ్చుకుంటారు. పెన్ను కదలకపోతే నా దగ్గరికొస్తారు. రిటైరయినా నర్సమ్మ నర్సమ్మే కదా.

"చూడు నర్సమ్మా, ఒగసారి టిక్కుమనింది, మళ్ళ గమ్మునైపోయింది. పాప తొడంతా తడిసింది" అని ఒక తల్లి పెన్నును నాకు అందించింది. అమ్మాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తుంది. మొదటి టిక్కు మందు మొదలైందని, రెండో టిక్కు ఇంకా ఎక్కుతోందని చెప్పడానికి. మొత్తం పది సెకన్ల దాకా పడుతుంది. పెన్ను కిటికీలో రంగు పట్టీ కదలడం ఆగేదాకా తొడమీద అదిమి పట్టుకునే ఉండాలి. ఈ అమ్మాయి మొదటి టిక్కుకే తీసేసింది. చర్మం మీద ఒక చుక్క కనిపిస్తే కంగారు లేదు, తడిసి కారిందంటే మందు పోయినట్టే. "ఇంకోటి పొడుచుకోనా పెద్దమ్మా?" అని అడిగింది. వద్దన్నాను. ఎంత పోయిందో ఎంత ఒంట్లోకి ఎక్కిందో తెలియనప్పుడు అదే రోజు రెండోది వేసుకుంటే వాంతులతో సెలవులు గడిచిపోతాయి. డాక్టరుకు ఫోన్ చేయించాను, డబ్బా మీది లాట్ నంబరు రాసిపెట్టుకోమన్నాను.

మిగతా చిక్కులు చాలావరకు మన ఎండలవీ మన ఫ్రిజ్‌లవీ. ఈ పెన్నులు ముప్పై డిగ్రీలలోపే కొన్ని వారాలు బయట ఉండగలవు. ఏప్రిల్లో ధర్మవరం స్టేషన్లో రైలు కోసం గంటసేపు నిలబెట్టిన బ్యాగులో ముప్పై ఎక్కడుంటుంది? ఇంటికొచ్చాక భయపడి ఫ్రిజ్ లోపల వెనక గోడకు ఆనించి పెడతారు, అక్కడ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. మూత తీసి, ధైర్యం చాలక మళ్ళీ పెట్టేవాళ్ళున్నారు. లోపల సూది వంగేది అప్పుడే. చీరమీంచో నైటీమీంచో పొడుచుకునేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

ఒకసారి, వాడేసిన పెన్నును ధర్మవరంలో మరమగ్గాల మెకానిక్కు ఒకాయన విప్పి చూస్తానని పట్టుబట్టాడు. మీరెవరూ ఆ పని చేయకండి. నేను ముందు సూది ఉన్న కొసను పట్టకారుతో పట్టి, మందపాటి గుడ్డ చుట్టి, తర్వాత ఒప్పుకున్నాను. తొడుగు విడదీశాడు. లోపల బలమైన స్ప్రింగు, దాని ముందు, అంత ప్లాస్టిక్ మధ్యలో, ఒక బుల్లి గాజు సిరంజీ. సూది గాజుకే అతికించి ఉంది, ఊడదు. నంబరు కోసం అలవాటుకొద్దీ వెతికాను, ఏం లేదు.

"స్ప్రింగు బాగానే ఉంది నర్సమ్మా, మళ్ళ ఎక్కిచ్చొచ్చు గదా. ఇంత రేటు పెట్టి ఒగసారికేనా?" అన్నాడు.

ఎక్కించొచ్చు, కానీ ఆ సూది ఒక మనిషి ఒంట్లోకి వెళ్ళొచ్చిందన్నాను. ఒప్పుకోలేదు, వాదించాడు. సిరంజీ ముక్కను మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో వేసి టేపు చుట్టాను, దగ్గరి ఆసుపత్రిలో సూదులు పడేసే తెల్ల డబ్బాలోకి పంపడానికి. స్ప్రింగు మాత్రం అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు. మగ్గానికి పనికొస్తుందంట.